37 ఏండ్ల రైడర్, కుడి మోకాలు, ఇంకొక్క సీజన్: ఒక కబడ్డీ ఆటగాడి కేస్ స్టడీ

నల్గొండల ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్న. నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల ఎక్కువ మంది బత్తాయి తోటల, వరి పొలాల పని చేసి నడుము పట్టినోళ్లు, బండి మీదికెళ్లి పడ్డోళ్లు, మోకాళ్లు అరిగిన పెద్దమనుషులు, గాని సంక్రాంతి ముంగట, దసరా ముంగట మాత్రం కబడ్డీ పిలగాండ్లు లైన్ కడతరు, మా జిల్లాల టోర్నమెంట్ అంటే జనానికి అంత పానం. ఈ కేసు కూడ ఒక కబడ్డీ ఆటగాడిదే, కాకపోతే పిలగాడు కాదు, 37 ఏండ్లు. రాయడానికి ఒప్పుకున్నడు, పేరు ఊరు మాత్రం వద్దన్నడు, అందుకే అన్న అనే రాస్తున్న. వయసు మీద పడ్డ ఆటగాళ్లతోని పని చేసే కోచ్‌లకు, పీఈటీలకు, నాలాంటి ఫిజియోలకు పనికొస్తదని జర వివరంగనే రాస్త.

అన్నది మునుగోడు దిక్కు ఊరు. స్కూల్ల మట్టి గ్రౌండ్ మీద మొదలుపెట్టి జిల్లా టీం, ఆ తర్వాత స్టేట్ టీం దాకా పోయిండు. మేకల అభినవ్ స్టేడియంల, ఎన్జీ కాలేజ్ గ్రౌండ్ల అన్న కూతకు పోతుంటే జనం లేచి నిలబడేది, నేను ఇంటర్ చదివేటప్పుడు కండ్లార చూసిన. బోనస్ కోసం కాలు చాపుతున్నట్టు చూపిచ్చి, డిఫెన్స్ ముందుకు రాంగనే కుడికాలు మీద తన్ని అడ్డంగ పోయి చేతితోని తాకి వచ్చేటోడు. ఆ ఒక్క తన్నుడు మీదనే ఆయన ఆట మొత్తం కట్టుకున్నడు. ఇప్పుడు పొద్దున ఒక ప్రైవేట్ స్కూల్ల పీఈటీ, సాయంత్రం సొంత బత్తాయి తోట, మధ్యల ప్రాక్టీస్. బరువు 83 కిలోలు, స్టేట్‌కు ఆడినప్పుడు 72 ఉండెనట.

ఏం బాధ అంటే, కుడి మోకాలు లోపలి పక్క ఏడాది సంది నొప్పి. మ్యాచ్ ఆడిన తెల్లారి వాపు, రెండు మూడు రోజులు మెట్లు దిగరాదు, తోటల పాదులు తీయడానికి కూసుంటే లేవరాదు. అది చెప్పినంక కొంచెంసేపు ఆగి అసలు మాట చెప్పిండు: "సార్, నొప్పి నేను ఓర్చుకుంట. మొదటి అడుగు లేస్తలేదు. మనసు పోతది, కాలు పోతలేదు. ఒక్క సీజన్ ఆడేటట్టు చెయ్యుండ్రి, ఆ తర్వాత మీరు ఏం చెప్తె అది వింట."

నా దగ్గరికి వచ్చేలోపు మూడు చోట్ల మూడు మాటలు విన్నడు. ఒక ఆస్పత్రిల ఎమ్మారై తీసి మెనిస్కస్, అంటే మోకాల్ల ఎముకల నడుమ ఉండే మెత్త, చిరిగింది, తొందరగ ఆపరేషన్ చేపిచ్చుకో అన్నరు. ఊర్లె ఆర్ఎంపీ మ్యాచ్ రోజు పొద్దున నొప్పి సూది వేస్తుండు, డైక్లోఫెనాక్. టీం పిలగాండ్లేమో ఎదురుంగ ఏం అనరు గాని, పక్కకు పోయి "అన్నకు వయసైంది" అంటరు, ఆ మాట అన్న చెవుల కూడ పడ్డది.

ఈ వయసైంది అనే మాట గురించి కొంచెం చెప్పాలె. వయసు అయితది, ఎవ్వరికైనా అయితది, దాంట్ల అబద్ధం లేదు. కాని శరీరం మొత్తం ఒక్కసారి, ఒక్క తీరుగ ముసలిది కాదు. ముందుగ పోయేది పేలుడు బలం, అంటే కండల ఉండే వేగం దారాలు, టైప్ 2 అంటం, అవి, వాటిని ఒక్కసారి లేపే నరాల స్పీడు. దమ్ము, ఓర్పు చాలా ఆలస్యంగ తగ్గుతయి. ఉసేన్ బోల్ట్ 2017ల లండన్ల ఆఖరి రేసు పరుగెత్తేనాటికి 30 ఏండ్లే, రిలేల సగంలనే తొడ పట్టేసి కింద పడ్డడు. అదే ఎలియుడ్ కిప్చోగే 2022ల బెర్లిన్ మారథాన్ 2 గంటల 1 నిమిషం 9 సెకన్లల కొట్టి సొంత వరల్డ్ రికార్డే తిరగరాసిండు, అప్పుడు ఆయనకు 37, మా అన్నకు ఇప్పుడున్నంత వయసే. ఒకాయనది తన్నుడు ఆట, ఇంకొకాయనది ఓర్పు ఆట. అందుకే ఆటగాడు వచ్చి కూసుంటే నేను మొదలు చూసేది ఏం పోయింది, ఏం మిగిలింది అనేదే. వయసైంది అంటే అది రోగం పేరు కాదు, దానికి మందు రాయరాదు, ఎక్సర్‌సైజ్ రాయరాదు.

ఇగ పరీక్షల సంగతి. కుడి తొడ చుట్టుకొలత, మోకాలి చిప్ప పైన 15 సెంటీమీటర్ల కాడ, ఎడమ దానికంటే రెండున్నర సెంటీమీటర్లు తక్కువ. మోకాల్ల కొంచెం నీరుంది. ఒంటికాలు మీద దుంకమంటే, దీన్నే హాప్ టెస్ట్ అంటం, కుడికాలు ఎడమ దాంట్ల 68 శాతమే పోయింది. నాకు అన్నిటికంటే పెద్దగ కనపడ్డది కుడి చీలమండ. గోడకు మోకాలు ఆనిచ్చే టెస్ట్‌ల ఎడమ పాదం గోడకు 11 సెంటీమీటర్ల దూరంల పెట్టినా మోకాలు ఆనుతుంది, కుడిది 5కే ఆగిపోయింది. ఇన్నేండ్లు డిఫెండర్లు చీలమండ పట్టి గుంజిన యాంకిల్ హోల్డ్‌లు, బెణికిన ప్రతిసారి పసుపు కట్టు కట్టి వారంల మల్ల గ్రౌండ్‌కు పోవుడు, దాని ఫలితం అది. చీలమండ వంగకపోతే కిందికి కూసున్నప్పుడల్ల ఆ వంకర మోకాలు మీద పడుతది, మోకాలు లోపలికి పోతది. ఇన్నాళ్లు ఎవ్వరూ ఆ చీలమండను ముట్టుకోలే, అందరూ నొప్పి ఉన్నకాడనే చూసిన్రు.

మ్యాట్ సంగతి కూడ ఈడనే చెప్త. అన్న తరం మట్టిల నేర్చుకున్నది. మట్టిల పాదం జారుతది, తిరిగినప్పుడు కొంత బలం ఆ జారుడులనే పోతది. మ్యాట్ మీద షూ పట్టుకుంటది, పాదం ఆగిపోతది, పైన ఒళ్లు మాత్రం తిరుగుతది, ఆ మెలి మొత్తం మోకాలు మింగుతది. పిలగాండ్లు చిన్నప్పటి సంది మ్యాట్ మీద ఆడుతున్నరు, వాళ్ల తిరుగుడే వేరే. అన్న తిరుగుడు మాత్రం మట్టి తిరుగుడే, మ్యాట్ మీద కూడ అదే చేస్తుండు.

నల్గొండల ఫిజియో ప్రాక్టీస్ చేసేటోళ్లు ఇంకోటి మరవొద్దు, ఫ్లోరైడ్. అన్న పండ్ల మీద గోధుమ రంగు చారలున్నయి, అంటే చిన్నప్పుడు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ తాగిండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపల ఉండాలని, మర్రిగూడ, మునుగోడు దిక్కు బోర్లల్ల ఒకప్పుడు అంతకు మించి ఎంత ఉండెనో ఈడి జనం ఎముకలు చూస్తే తెలుస్తది. ఫ్లోరోసిస్ ఎముకలకు వస్తే నడుము, కీళ్లు బిగుసుకపోతయి, లిగమెంట్ల సున్నం పేరుకుంటది, పైకి చూస్తే అచ్చం ముసలితనం లెక్కనే ఉంటది. అందుకే ఆర్థో డాక్టర్‌తోని మాట్లాడి ముంజేయి ఎక్స్‌రే కూడ తీపిచ్చిన, ముంజేయిల రెండు ఎముకల నడుమ పొరల సున్నం కనపడితే అది ఫ్లోరోసిస్‌కు గట్టి గుర్తు. అన్నకు కనపడలే. మోకాలి ఎక్స్‌రేల మాత్రం లోపలి పక్క సందు కొంచెం తగ్గింది, అరుగుడు మొదలైంది.

ఆపరేషన్ సంగతికొస్తే, ఎమ్మారైల ఉన్నది ఒక్కసారి మెలిపడి చిరిగిన చిరుగు కాదు, ఏండ్లకేండ్లు నలిగి నలిగి చిరిగినది. ఇసొంటి అరుగుడు చిరుగుల మీద 2013ల ఫిన్లాండ్ డాక్టర్లు ఒక స్టడీ చేసిన్రు, 35 నుంచి 65 ఏండ్ల నడుమ ఉన్న 146 మందిల కొందరికి నిజంగ మెనిస్కస్ కోసిన్రు, కొందరికి కోసినట్టు చేసి ఊకున్నరు, ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులు ఒక్క తీరుగనే ఉన్నయి. వాళ్లకు అరుగుడు లేకుండె, అన్నకు కొంచెం ఉంది. అరుగుడు ఉన్నోళ్ల మీద అదే ఏడు అమెరికాల ఇంకో స్టడీ వచ్చింది, ఆపరేషన్‌కు, ఫిజియోథెరపీకి ఆరు నెలలకు పెద్ద తేడా కనపడలే, కాకపోతే ఫిజియో గుంపుల 30 శాతం మంది మధ్యల ఆపరేషన్ దిక్కు పోయిన్రు, అది కూడ దాచకుండ చెప్పాలె. రెండూ అన్నకు చెప్పిన. మోకాలు లాక్ పడితే, అంటే వంచితే చాపరాకుండ ఇరికిపోతే, అది వేరే కథ, అప్పుడు సర్జన్ దగ్గరికే పోవాలె. అన్నకు లాక్ పడుడు లేదు. ఆర్థో సార్ కూడ ముందుగ మూడు నెలలు కండ బలం పెంచి చూద్దాం అన్నడు.

సూది గురించి మాత్రం నేను గట్టిగనే మాట్లాడిన. టోర్నమెంట్ ముంగట బరువు కోసం, బరువుకు లిమిట్ ఉంటది కదా, అన్న రెండు రోజులు నీళ్లు తగ్గిస్తుండె, ఎండల పరుగెత్తుతుండె, దాని మీద డైక్లోఫెనాక్ సూది. ఒంట్ల నీళ్లు లేనప్పుడు ఆ మందు కిడ్నీల మీద దెబ్బ కొడతది. కిడ్నీల పని చూసే రక్త పరీక్ష, క్రియాటినిన్, చేపిస్తే నార్మల్ వచ్చింది, నాకు పానం నిమ్మళమైంది. ఇంకోటి, మోకాల్ల నీరున్నన్ని రోజులు తొడ కండకు మెదడు నుంచి పోయే ఆర్డరే తగ్గుతది, శరీరమే ఆ కీలును కాపాడుకోవడానికి అట్ల చేస్తది. సూది వేస్తే నొప్పి తెలుస్తలేదు గాని కండ మాత్రం మల్ల మొత్తం లేస్తలేదు. బోర్ల నీళ్లుండి మోటర్ గుంజకపోతే పొలం ఎండినట్టే, అన్న తొడల కండ ఇంకా ఉంది, అది లేస్తలేదు. మొదటి అడుగు లేస్తలేదు అన్న మాటకు సగం జవాబు ఈడ దొరికింది, అది వయసు కాదు, నీరు. మిగతా సగం నిజంగ వయసే. ఆ రెండు సగాలు విడదీసి చెప్పినంక అన్న మొఖం మారింది, ఎందుకంటే ఒక సగం బాగైతదని తెలిసింది.

మొదటి కొన్ని వారాలు రైడింగ్ పూర్తిగ బంద్. గోడకు ఆని కుర్చీల కూసున్నట్టు కూసుండుడు, 45 సెకన్లు పట్టి ఉంచుడు, ఐదుసార్లు, నడుమ రెండు నిమిషాల రెస్ట్. తర్వాత బరువులు, మెల్లగ, మూడు సెకన్లు పైకి, మూడు సెకన్లు కిందికి, మొదలు తక్కువ బరువుతోని 15 సార్లు, పోంగ పోంగ బరువు పెంచి 6 సార్లకు తెచ్చినం. జిమ్ దూరమైతే తోటల యూరియా బస్తా ఎత్తుకొని చేసిండు. చీలమండకు రోజూ పొద్దున సాగదీసుడు, పిక్కలకు మెట్టు అంచు మీద మడమ దింపుడు. గజ్జలకు, తొడ ఎనక కండకు వేరేవి ఇచ్చిన, అవి రాస్తే ఇంకో పేజీ అయితది. రూల్ ఒక్కటే పెట్టిన: చేసినంక నొప్పి వచ్చినా తెల్లారేసరికి పాత లెవెల్‌కు రావాలె, రాకపోతే బరువు తగ్గించాలె.

తిండి దగ్గర వదిన సాయం పట్టింది. అన్న తినేది మొత్తం అన్నమే, రాత్రి కూడ పెద్ద కుప్ప. కిలో బరువుకు ఒకటిన్నర గ్రాముల పైన ప్రోటీన్ కావాలె అని చెప్పి, పొద్దున గుడ్లు, పెసర్లు, బొబ్బర్ల గుగ్గిళ్లు, పెరుగు, వారంల వీలైనన్ని రోజులు చికెన్, రాత్రి అన్నం సగం చేసి జొన్నరొట్టె. మోకాలు అరిగినోళ్లు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకు మోకాలు మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతది, ఇది లెక్క తేలిన విషయం. నాలుగు నెలలకు 78కి వచ్చిండు. నీళ్లు మాని బరువు తగ్గే అవసరమే లేకుండ పోయింది.

అసలు పని మాత్రం కోర్టుల ఏ చోట ఆడాలె అనే కాడ మొదలైంది. మూడు నెలలకు నొప్పి పదిల ఆరు నుంచి రెండుకు వచ్చింది, హాప్ టెస్ట్ 84 శాతం, వాపు లేదు. అన్న సంబురపడి మల్ల కూతకు పోతా అన్నడు. ప్రాక్టీస్‌ల పంపి ఫోన్ల వీడియో తీసినం, ఆ వీడియోను ఆయన పాత టోర్నమెంట్ వీడియో పక్కన పెట్టి స్లోల చూపిచ్చిన. బలం వచ్చింది, కాని ఆ పాత తన్నుడు రాలే. రాదు కూడ. 30 సెకన్ల రైడ్ల మిడ్‌లైన్ దాటి మూడు ముప్పావు మీటర్లు పోయి బాల్క్ లైన్ అనే గీత దాటాలె, బోనస్ కావాలంటే ఇంకో మీటరు, ఏడుగురి నడుమ రెండు మూడుసార్లు దిశ మార్చి మల్ల వాపస్ రావాలె, ఇదంతా కూత ఆపకుండ, మల్ల రెండు రైడ్లకు ఇదే. 20 ఏండ్ల పిలగానికి అది ఆట, 37 ఏండ్ల మోకాలికి అది ప్రతిసారి ఒక పరీక్ష. వీడియో చూసి చాలాసేపు ఏం మాట్లాడలే, "ఇగ నేను పనికిరానా" అన్నడు.

నేను ధర్మరాజ్ చేరలాతన్ పేరు ఎత్తిన. 1975ల పుట్టినాయన, 2016ల పట్నా పైరేట్స్ కెప్టెన్‌గ ప్రో కబడ్డీ కప్పు కొట్టేనాటికి 41 ఏండ్లు, ఆ తర్వాత కూడ ఆడిండు, ఆయన డిఫెండర్. అదే ఏడు అక్టోబర్ల వరల్డ్ కప్ గెలిపిచ్చిన అనూప్ కుమార్ రైడర్, ఎంత తెలివైన రైడర్ అంటే తన్నుడుకంటే బుర్రతోనే ఎక్కువ పాయింట్లు తెచ్చేటోడు, ఆయన 2018ల 35 ఏండ్లకు మానేసిండు. ఇద్దరితోని రూల్ రాయలేం, కాని దాంట్ల అర్థం ఉంది, డిఫెండర్ కదిలేది తక్కువసార్లు, ఎప్పుడు కదలాలె అనేది వాళ్ల చేతుల ఉంటది, అది చూపుతోని, అనుభవంతోని వచ్చేది. రోహన్ బోపన్న 2024 జనవరిల ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ కొట్టినప్పుడు 43 ఏండ్లు, మోకాళ్లల్ల కార్టిలేజ్ అయిపోయిందని ఆయనే చెప్పిండు, సింగిల్స్ అయితే అది అయ్యే పని కాదు, డబుల్స్‌ల సగం కోర్టు పార్ట్‌నర్ చూసుకుంటడు. మన హైదరాబాద్ సైనా నెహ్వాల్ కూడ 2024ల మోకాళ్లల్ల ఆర్థరైటిస్ ఉందని చెప్పింది, ఆమె ఆడేది సింగిల్స్, దాంట్ల దాక్కోవడానికి చోటే లేదు, పాపం, 34 ఏండ్లకే గంటలకు గంటలు ప్రాక్టీస్ చేయరాకుండ అయింది. కబడ్డీల చోటుంది, ఏడుగురు నిలబడే ఆట కదా, అది వాడుకోవాలె అని చెప్పిన.

అట్ల అన్నను డిఫెన్స్‌ల కార్నర్‌కు, అంటే వరుస చివర నిలబడే చోటుకు, మార్చినం. కార్నర్ అంటే మోకాలికి సుఖం అని ఎవ్వరూ అనుకోవద్దు. కార్నర్‌ల కిందికి వంగి ఉండాలె, యాంకిల్ హోల్డ్‌కు డైవ్ కొట్టాలె, మీద ముగ్గురు పడతరు. అందుకే ఎడమ కార్నర్ తీసుకున్నం. ఎడమ కార్నర్‌ల నిలబడ్డోడు కదిలేది తన కుడి దిక్కు, అంటే తన్నేది ఎడమకాలు, బాగున్న కాలు. డైవ్‌కు బదులు ఎక్కువగ తొడ పట్టుడు, రైడర్ వాపస్ తిరిగినప్పుడు ఎనకనుంచి పట్టుడు ప్రాక్టీస్ చేపిచ్చిండు మా కోచ్ సార్. అన్న, అవతలి రైడర్ల లెఫ్ట్ రైట్ ఊపులు చూసి "వీడు ఇప్పుడు బోనస్‌కు పోతడు, వీడు ఉత్తగ టైం గడుపుతుండు" అని ముందే చెప్తుంటే పిలగాండ్లు నోరు తెరిచి చూసిన్రు, ఎందుకంటే ఆ దొంగ అడుగులన్నీ అన్న ఒకప్పుడు ఏసినవే. పద్దెనిమిదేండ్లు కూతకు పోయిన మనిషికి అది ఎవ్వరూ నేర్పాల్సిన పని లేదు.

మనసు మాత్రం అంత తొందరగ మారలే. ఊర్ల ఫ్లెక్సీల మీద ఆయన రైడర్ అని రాస్తరు, పిలిచేది కూడ అట్లనే. మొదటి టోర్నమెంట్‌ల తన టీం రైడర్ ఉత్త చేతులతోని వాపస్ వచ్చినప్పుడల్ల అన్న కాళ్లు మిడ్‌లైన్ దిక్కు పోతుండె. వదిన ఒకరోజు క్లినిక్‌కు వచ్చి నాతోని ఒక్కదానే మాట్లాడింది: "ఆట మానమని నేను ఎన్నడు అనలే సారు. ఆయన నొప్పి దాచి మాతోని నవ్వుకుంట మాట్లాడుతడు చూడు, అది నాకు నచ్చది." ఆ మాట నేను రికార్డ్ షీట్‌ల రాసుకున్న, నొప్పి దాస్తడు అని, ఎందుకంటే ట్రీట్‌మెంట్‌ల అది వాపు అంత ముఖ్యమైన విషయం. ఆ తర్వాత నొప్పి ఎంతుందని అన్నను ఒక్కన్నే అడుగుడు మానేసి, తోటల కూసొని లేసుడు ఎట్లుందని వదినను కూడ అడుగుతున్న.

ఎప్పుడు మానాలె అనేదానికి తారీఖు పెట్టలే, షరతులు పెట్టుకున్నం, అన్న చేతనే కాగితం మీద రాపిచ్చిన. మ్యాచ్ తర్వాత వాపు రెండు రోజులకు దిగకపోతే ఆ నెల ఆట లేదు. సూది లేకుండ ఆడలేని రోజు వస్తే ఆ రోజు ఆడొద్దు, రెండోసారి అట్లైతే ఇగ టోర్నమెంట్లే వద్దు. మోకాలు ఒక్కసారి లాక్ పడితే నేరుగ సర్జన్ దగ్గరికి. నువ్వు మానెయ్ అని నేను ఎవ్వరికీ చెప్ప, అది చెప్పే హక్కు నాకు లేదు, ఆటగానికి కొలత చేతుల పెడితే తన ఆఖరి రోజు తనే చూసుకుంటడు. టీంల చిన్నపిలగాండ్లు కూడ ఎనకకు పోయి గుసగుసలాడుడు ఆగింది, ఆ కాగితం కెప్టెన్‌కు కూడ అన్ననే చూపిచ్చిండు.

సంక్రాంతి టోర్నమెంట్‌ల మొత్తం ఎడమ కార్నర్‌లనే ఆడిండు, సూది లేదు. ఒక మ్యాచ్‌ల అవతలి టీం స్టార్ రైడర్‌ను మూడుసార్లు పట్టిండు, దాంట్ల ఒకటి సూపర్ టాకిల్, లోపల ముగ్గురే ఉన్నప్పుడు. సెమీ ఫైనల్‌ల ఓడిపోయిన్రు. తెల్లారి వాపు వచ్చింది, రెండో రోజు సాయంత్రానికి దిగింది. స్కూల్ల ఆడపిల్లల టీంకు ఇప్పుడు కోచింగ్ కూడ అన్ననే ఇస్తుండు, చీలమండ బెణికితే పసుపు కట్టుతోని ఊకోకుండ నా దగ్గరికి తోలుతుండు, అది నాకు మస్తు సంతోషం.

ఇప్పటి పరిస్థితి ఇది: నొప్పి ఆడని రోజు సున్న, ఆడిన రోజు రెండు. తొడ తేడా ఒక సెంటీమీటరుకు తగ్గింది, చీలమండ 9 దాకా వచ్చింది, అంతకు మించి వస్తదని నేను అనుకుంటలేను, పాత కీలు అది. హాప్ టెస్ట్ 84 దగ్గరనే ఆగి ఉంది. వచ్చే రివ్యూ లోపల అది 90 దాటకుంటే మ్యాట్ టోర్నమెంట్లు వదిలేసి మట్టి గ్రౌండ్ వాటికే పోవాలని ఇద్దరం ఒప్పుకున్నం, ఆ షరతు కూడ కాగితం కింద రాసిండు.